వీలునామా మొదటి వాక్యం చూసి మతం చెప్పొచ్చా?

ప్రశ్న: ట్యూడర్ రాజవంశం కాలపు (1485–1603) ఇంగ్లండ్ వీలునామాలు ఆత్మను దేవుడికి అప్పగించే వాక్యంతో మొదలవుతాయి కదా. చరిత్రకారుడు ఎ.జి. డికెన్స్ యార్క్‌షైర్, నాటింగ్‌హామ్‌షైర్ వీలునామాల్లో ఏవి కాథలిక్, ఏవి ప్రొటెస్టెంట్ అన్నది ఆ వాక్యాన్ని బట్టే లెక్కగట్టారు. ఆ పద్ధతి ఇప్పటికీ నిలుస్తుందా?

జవాబు 1: సగమే నిలుస్తుందండీ. "మేరీమాతకు, పరలోకంలోని పరిశుద్ధులందరికీ" అని ఉంటే పాత కాథలిక్ పద్ధతి. క్రీస్తు మరణం వల్ల మాత్రమే రక్షణ అంటే ప్రొటెస్టెంట్ వాసన. కానీ ఆ మాటలు ఎవరివి? చాలాసార్లు వీలునామా రాసిపెట్టిన లేఖకుడివేనని కేంబ్రిడ్జ్‌షైర్ పల్లెల వీలునామాలతో చరిత్రకారిణి మార్గరెట్ స్పఫర్డ్ చూపించారు. అందుకని చేతిరాత, సాక్షుల పేర్లు పోల్చి ఒక్కో లేఖకుడివి ఒక్కో కట్టగా పెట్టండి. కట్టంతా ఒకే పాఠమైతే అది అతని అలవాటు. మధ్యలో ఒకటి తేడాగా కనిపిస్తే దాన్ని వదలొద్దు. దీనికి అసలు ప్రతే కావాలి. కోర్టు రిజిస్టర్‌లోకి ఎత్తిరాసిన నకలులో ఉండేది గుమాస్తా దస్తూరీ.

జవాబు 2: తేదీ దగ్గరా బోల్తా పడతారు. అప్పట్లో సంవత్సరం మారేది మార్చి 25న. "1558 ఫిబ్రవరి" అంటే మన లెక్కలో 1559. కాథలిక్ అయిన మేరీ రాణి 1558 నవంబరు 17నే పోయింది, కాబట్టి అది ఆమె తర్వాత వచ్చిన ప్రొటెస్టెంట్ రాణి ఎలిజబెత్ కాలపు కాగితం.

జవాబు 3: నన్నడిగితే మొదటి వాక్యం కన్నా కింద రాసిన దానాలు నయం. ఆత్మశాంతి పూజలకు, దీపాలకు ఎన్ని పెన్నీలు ఇచ్చారో చూడండి. అయితే చాంట్రీలను, అంటే చనిపోయినవారి ఆత్మశాంతి పూజల కోసం పెట్టిన నిధులను, 1547 చట్టం రద్దు చేసింది. ఆ తర్వాత పూజలకు రాయలేదంటే నమ్మకం పోయిందనే కాదు, డబ్బు సర్కారు పట్టుకుపోతుందన్న భయమూ కావచ్చు.