అప్‌డేట్: అమిలాయిడ్ తగ్గడానికి కారణం దొరికింది

ఒకే పేషెంట్ నుంచి ఒకేసారి తీసిన సీఎస్‌ఎఫ్‌ని, అంటే మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవాన్ని, రెండు బ్యాచ్‌లుగా దాస్తే ఒకదాంట్లో అమిలాయిడ్ బీటా 42 బాగా తక్కువ వస్తోందని, టౌ మాత్రం రెండింట్లో దాదాపు ఒకేలా ఉందని అడిగాను కదా (ఈ రెండూ అల్జీమర్స్ పరీక్షలో కొలిచే ప్రొటీన్లు). ‘ముందు ట్యూబులు చూడండి’ అన్నవాళ్లే కరెక్ట్.

తక్కువ వచ్చిన బ్యాచ్‌కి స్టోర్ నుంచి పాలీప్రొపిలీన్‌వి కాకుండా పాలీస్టైరీన్ అనే వేరే ప్లాస్టిక్ ట్యూబులు వచ్చాయి. పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది: పాలీస్టైరీన్ గాజులా తళతళలాడుతుంది, పాలీప్రొపిలీన్ కాస్త మసకగా ఉంటుంది. అమిలాయిడ్‌కి ట్యూబు గోడలకు అతుక్కుపోయే గుణం ఉంది. పాలీప్రొపిలీన్‌కీ కొంత అంటుకుంటుంది, పాలీస్టైరీన్‌కి మరీ ఎక్కువ. ట్యూబు సగమే నింపినా, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చినా నష్టమే. అందుకే ఇప్పుడు అన్నీ ఒకే రకం చిన్న ట్యూబులు, ముప్పావుకు పైగా నింపి.

మిగతాదంతా మామూలే. రక్తం కలిసే అవకాశం ఎక్కువని మొదటి 1–2 మి.లీ. పక్కన పెడతాం, 2000 జి (గురుత్వాకర్షణకు 2000 రెట్లు) దగ్గర 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పి, 2 గంటల్లోపు మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టేస్తాం.

పాత బ్యాచ్‌ని పారేయడం లేదు. పేషెంట్ నడుముకి సూది గుచ్చించుకుని ఇచ్చింది, మనసొప్పదు. అమిలాయిడ్ బీటా 42ని, అదే ప్రొటీన్‌లో ఇంకో రకమైన అమిలాయిడ్ బీటా 40తో భాగించి చూస్తే తేడా చాలావరకు తగ్గింది, 40 కూడా అతుక్కునేదే కాబట్టి. డేటాబేస్‌లో ట్యూబు రకం రాసి, టౌ కొలతలకు మాత్రం ఇస్తున్నాం.