గూబ "గుయ్యి", పోతన "కుయ్యి" ఒకటేనా?

తీగలవాడు:
ఒక చిన్న సందేహం. చిన్నదే అనుకుంటున్నాను.

మొన్న సెకండ్ హ్యాండ్‌లో మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ ఒకటి కొన్నాను. ఎలక్ట్రిక్ గిటార్‌కి తగిలించుకునే డబ్బా. ఓవర్‌డ్రైవ్ (స్వరాన్ని గరుకు చేసేది), కోరస్, డిలే, రివర్బ్ అన్నీ అందులోనే ఉన్నాయి. కుడిపక్కన కాలితో తొక్కే పలక. రాత్రి పదకొండింటికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి తీగ మీటానో లేదో గూబ గుయ్యిమంది. వాల్యూమ్ ఆ చివరిదాకా తిప్పి ఉంది, చూసుకోలేదు. తగ్గించి, ఆ పలక ముందుకీ వెనక్కీ తొక్కితే ఒకటే ఏడుపు, "కుయ్య్... కుయ్య్" అని. అప్పట్నుంచి బుర్రలో ఒక ముక్క తిరుగుతోంది, నిద్ర లేదు:

"...పాహి పాహి యనఁ గుయ్యాలించి"

పోతన గజేంద్రమోక్షంలో "అల వైకుంఠపురంబులో" పద్యం, నాలుగో పాదం. ముందేముందో వెనకేముందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. నా ప్రశ్నల్లా, ఈ గుయ్యి, గూబ గుయ్యిమనడంలో గుయ్యి ఒకటేనా?

ఇంకోటి, ఈ పెట్టె గురించి తెలిసినవాళ్ళుంటే: ఇష్టపడి సేవ్ చేసుకున్న ప్యాచ్‌లో (ఎఫెక్టుల అమరికలో) గిటారు జలుబు చేసినట్టు ముక్కుతో పాడుతోంది. ఎందుకు?

మాస్టారు:
గుయ్యి కాదు నాయనా, కుయ్యి. "అనన్" ద్రుతాంతం, అంటే చివర నకారం; దాని తర్వాత క కాస్తా గ అవుతుంది. ఈ గుంపులో సరళాదేశం గురించి చెప్పాల్సిన రోజు వస్తుందనుకోలేదు. గూబది ఉత్త ధ్వన్యనుకరణం. పోతనది మొర. రెంటికీ చుట్టరికం లేదు.

దాపటెద్దు:
సరళాదేశం సంగతి సరే మాస్టారూ. మొర అనే అర్థం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పండి. కుక్కపిల్ల కుయ్ కుయ్ అంటుంది. 108 బండి కుయ్ కుయ్ అంటుంది. అదీ చప్పుడే కదా? నా లెక్కలో కుయ్యి అంటే గొంతు, మొర అంటే మాట. అందుకే "కుయ్యో మొర్రో" అని రెండూ కలిపి ఏడుస్తాం. ఒకటే అయితే రెండుసార్లు ఎందుకు?

మాస్టారు:
సిగ్గూ లజ్జా రెండు వేర్వేరు సరుకులా? రాళ్ళూ రప్పలూ?

దాపటెద్దు:
పద్యంలోనే చూడండి మరి. ఏనుగు అన్న మాట "పాహి పాహి". అది కవి చెప్పేశాడు. ఆ తర్వాత విన్నది కుయ్యి. వైకుంఠం దాకా మాట చేరలేదు, గొంతు చేరింది. మొర అని అర్థం చెబితే పునరుక్తి దోషం పోతన నెత్తిన పడుతుంది.

ఓరుగల్లు:
పోతన నెత్తిన దోషం వేసే ముందు బమ్మెర వచ్చి చెప్పి వెయ్యండి. (పోతన మావాడేనంటూ ఒంటిమిట్ట అన్నలు రాకముందే ఈ మాట రాసి పెడుతున్నా.)

ఒంటిమిట్ట:
వచ్చేశాం. పంచాయితీ తర్వాత. ముందు తమ్ముడి డబ్బా చూద్దాం. ఏమీ మీటకపోయినా సన్నగా గుయ్‌మంటూ ఉందా?

తీగలవాడు:
ఉంది అన్నా. మీటడం ఆపితే ఇంకా బాగా వినిపిస్తుంది.

ఒంటిమిట్ట:
అయితే గుయ్యికి అర్థం నేను చెప్తా: 50 సైకిళ్ళు. మన కరెంటు అది. తీగలకి దగ్గరగా ఉన్న ట్యూబ్‌లైటు, ఫ్యాన్ రెగ్యులేటరు, నాసిరకం అడాప్టరు, అన్నీ అందులో గొంతు కలుపుతాయి. తీగల కింద శబ్దం పట్టే పికప్ సింగిల్ కాయిల్‌ది (ఒకే తీగచుట్టది) అయితే మరీ. గిటారు పట్టుకుని కుర్చీలోనే ఒక చుట్టు తిరుగు. ఒక దిక్కున తగ్గుతుంది, అక్కడ కూర్చో. నాయిస్ గేట్ (సన్న చప్పుళ్ళని మూసేసేది) పెట్టి నోరు నొక్కెయ్యొచ్చు గానీ, ఎక్కువ నొక్కితే నీ స్వరం తోక కూడా తెగుతుంది. సాగదీసిన స్వరం టక్కున ఆగిపోతుంది.

సెకండ్ హ్యాండ్ అన్నావు, అడాప్టరు దాంతో వచ్చిందేనా? ఈ డబ్బాలు చాలామటుకు 9 వోల్టులవి, పిన్ను మధ్యలో మైనస్. మన ఇళ్ళలో దొరికే రౌటరు అడాప్టర్లకి మధ్యలో ప్లస్. నాకు ఒక షాపువాడు "సరిపోద్ది సార్" అని అలాంటిదే అంటగట్టాడు. నా అదృష్టం, డబ్బా వెలగలేదు అంతే, కాలలేదు. వెనక చిన్న బొమ్మ ఉంటుంది, రెండింటి మీదా చూసి పోల్చుకో.

మాస్టారు:
గుయ్యికి 50 సైకిళ్ళని ఏ నిఘంటువులోనూ లేదు.

ఒంటిమిట్ట:
చేర్చండి మాస్టారూ.

డాలస్ అక్క:
ఆలస్యంగా చూశాను. తమ్ముడూ, ముక్కు రోగానికి మందు: నీ ప్యాచ్‌లో వా (ఆ పలక తొక్కితే ఏడ్చే ఎఫెక్టు) ఆన్‌లో ఉండిపోయింది, పలక మధ్యలో ఆగింది. మునివేళ్ళతో గట్టిగా, డబ్బా కదిలేంత గట్టిగా నొక్కు. ఆఫ్ అవుతుంది. నేను మొదటి నెలంతా స్పీకర్ పోయిందనుకుని బాధపడ్డాను.

ఇక కుయ్యి సంగతి. వా లోపల ఉన్నది ఒక ఫిల్టరు. ఇంచుమించు 400 నుంచి 2000 హెర్ట్జ్ మధ్య ఒక శిఖరాన్ని అటూ ఇటూ జరుపుతుంది. మన నోరు అచ్చులు పలికేటప్పుడు చేసేదీ ఇలాంటి పనే. మడమ కిందికి నొక్కి పట్టుకుని మీటు, "ఊ" అంటుంది. మెల్లగా మునివేళ్ళవైపు వంచు, "ఆ" అవుతుంది. ఊ నుంచి ఆ కి జారితే "వా". అందుకే ఆ పేరు. 1967లో వాక్స్ పేరుతో వచ్చిన తొలి పెడళ్ళ మీద క్లైడ్ మెకాయ్ అని ఒక ట్రంపెట్ ఆయన పేరు ఉండేది, ట్రంపెట్ మూతికి డిప్ప పెట్టి తీస్తే వచ్చే ఏడుపుని ఇది అనుకరిస్తుందని. తర్వాత వచ్చిన పేరు క్రై బేబీ. ఏడుపుగొట్టు పాపాయి. ఇప్పుడు చెప్పండి, కుయ్యి గొంతా, మాటా?

దాపటెద్దు:
అక్కా, నీకు సున్నుండలు పార్సిల్.

మాస్టారు:
అమ్మా, మీరన్నది ఉ నుంచి ఆ. కుయ్యిలో ఉన్నది ఉ నుంచి ఇ. కాబట్టి మీ యంత్రం కుయ్యి అనదు, "కువా" అంటుంది.

డాలస్ అక్క:
కుయ్యి విడిగా అయితే ఇ. కానీ పోతన విడిగా వాడలేదుగా మాస్టారూ. "కుయ్యాలించి". కు, య్యా. ఉ నుంచి ఆ. సంధి చేసి ఆయనే పలక తొక్కాడు.

ఓరుగల్లు:
ఇగో, ఇప్పుడు అసలు చోటుకొచ్చిన్రు. ఆ "య్యా" యతిస్థానం గూడ. మత్తేభంల పద్నాలుగోది. పాదం మొదట్ల "(వి)హ్వల" ల హ్వకి "య్యా" యతి. ఊరికె వడ్డదా అక్కడ?

మాస్టారు:
ఊరికే పడలేదు. ఆలించి లోని ఆకారానికి వేసిన యతి అది. దాన్నిబట్టే కుయ్యి అన్నది విడిపదం, ఆలించి అన్నది విడిపదం అని తేలుతుంది.

దాపటెద్దు:
తేలదు. హకారానికి ఆకారమూ చెల్లుతుంది, యకారమూ చెల్లుతుంది. మీరు ఎటు విడగొట్టినా యతి నవ్వుతూ కూర్చుంటుంది. కావాలంటే హ్వలోని వకారం కూడా ఉంది, దాన్ని ఇంకా వాడుకోనే లేదు.

మాస్టారు:
వకారంతో ఇక్కడ పని లేదు.

తీగలవాడు:
అక్కా, ముక్కు కుదిరింది! గట్టిగా నొక్కితే వా ఆఫ్ అయింది, కింద ఇంటివాళ్ళు లేచారు. అన్నా, అడాప్టరు మైనస్సే. ఇంకో సందేహం, ఎఫెక్టులు ఏ వరసలో పెట్టాలి? తెర మీద బొమ్మలు ఎటు కావాలంటే అటు జరుగుతున్నాయి, అది ఇంకా టెన్షన్‌గా ఉంది.

ఓరుగల్లు:
పద్యంలనే ఉంది తమ్మీ. ముందు కుయ్యి, అటెన్క సంరంభం. వా ముందు, ఓవర్‌డ్రైవ్ తర్వాత. "కుయ్యాలించి సంరంభియై" అన్నడు గని "సంరంభించి కుయ్యాలించి" అనలే.

డాలస్ అక్క:
నవ్వుకున్నాను గానీ, మామూలుగా పెట్టే వరస అదే. వా ముందుంటే మనిషి గొంతులా ఉంటుంది. ఓవర్‌డ్రైవ్ తర్వాత పెడితే ఆ ఊ-ఆ జారుడు మరీ పెద్దదై, సింథ్ లాగా అవుతుంది. అదీ కొందరికి ఇష్టమే. కాని మీ పద్యక్రమం ఇక్కడే ఆపండి. "పాహి పాహి" కుయ్యికి ముందుంది. అది డిలేనే కదా, ఒక్కసారి మాత్రం తిరిగొచ్చే డిలే. డిలేని తీసుకెళ్ళి ఓవర్‌డ్రైవ్ ముందు పెడితే తిరిగొచ్చే స్వరాలూ కొత్త స్వరాలూ కలిసి నలిగి పప్పు అవుతాయి. తమ్ముడూ, నువ్వు ఇలా పెట్టు: వా, ఓవర్‌డ్రైవ్, ఆంప్, క్యాబినెట్ (స్పీకరు పెట్టె నకలు), కోరస్, డిలే, రివర్బ్. హెడ్‌ఫోన్స్‌లో వింటున్నంతకాలం క్యాబినెట్ ఆన్‌లో ఉండాలి, లేకపోతే నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలాడుతుంది. నిజం గిటార్ ఆంప్‌కి తగిలించిన రోజున మాత్రం ఆపెయ్. క్యాబినెట్ మీద క్యాబినెట్ పడితే గొంతు దుప్పట్లోంచి వచ్చినట్టుంటుంది. ఒక ఖాళీ ప్యాచ్ తీసుకుని ఒక్కొక్కటే చేర్చు. ఫ్యాక్టరీ ప్యాచ్‌లు షాపులో అమ్మడానికి చేసినవి, అన్నీ పండగ భోజనాలే.

ఓరుగల్లు:
పాహి పాహి మీద నాకు ఇంకో మాటుంది. "పాహి" గురువు, లఘువు. మూడు మాత్రలు. ఒక దెబ్బకి నాలుగు మాత్రలు అనుకుంటే, పాహి ముప్పావు దెబ్బ.

డాలస్ అక్క:
ఆగండాగండి. ముప్పావు దెబ్బ అంటే డాటెడ్ ఎయిత్! గిటార్ వాళ్ళు డిలేకి ఎక్కువగా పెట్టుకునే కొలత అదే. నిమిషానికి 120 దెబ్బలైతే ఒక దెబ్బ 500 మిల్లీసెకన్లు, మాత్ర 125, పాహి 375. తమ్ముడూ, డిలే టైమ్ 375 పెట్టి, ఫీడ్‌బ్యాక్ తగ్గించి ఒక్కసారే తిరిగొచ్చేలా పెట్టు. పోతన డిలే.

మాస్టారు:
లెక్క బాగుంది. గణం చెప్పడంలో తొందరపడలేదు, సంతోషం.

దాపటెద్దు:
అందరూ నాలుగో పాదం మీదే ఉన్నారు. మొదటి పాదం చివర "దాపల" మొదలవుతుంది, అది కూడా ఈ పెట్టెకి పనికొస్తుంది. మాది ఎద్దుల ఇల్లు, నా పేరే చెబుతుంది. దాపల అంటే ఎడమ, వలపల అంటే కుడి. విడి పెడళ్ళు చూడండి, మామూలుగా గిటార్ తీగ వలపలి వైపు గుచ్చుతారు, శబ్దం దాపటి వైపు బయటికొస్తుంది. మనం చదివే దిక్కుకి ఎదురు. అందుకే కొత్తవాళ్ళందరూ మొదటిరోజు తిరగేసి గుచ్చుతారు.

తీగలవాడు:
గుచ్చాను. చెప్పలేదు.

ఓరుగల్లు:
దాపల దగ్గరనే కలం ఆగిపోయిందంటరు పోతన్నకు. వైకుంఠం కండ్లతోటి చూడలె, ఎట్ల రాస్తడు, లేచి బయటికి పోయిండు. వచ్చేసరికి మిగిలింది రాసుంది. "మీరే వచ్చి రాసి పోయిన్రు గదా నాయనా" అన్నదట బిడ్డ. మా నాయనమ్మ ఈ కథ చెప్పేటప్పుడు "దాపల" అని ఆపి, వత్తి సరిచేసుకుని, మమ్ముల నిలవెట్టేది. ఇప్పటికి ఆ చోట నాకు పద్యం ఆగుతది.

ఒంటిమిట్ట:
మా అవ్వ కూడా అక్కడే ఆపేది. కథ మాత్రం ఒంటిమిట్టలో జరిగేది.

తీగలవాడు:
రివర్బ్‌కి ఏం పేరు పెట్టను? తెర మీద తెలుగు రాదు, అందుకని కాగితం ముక్కలు అంటిస్తున్నాను.

దాపటెద్దు:
తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి ప్రతిధ్వని వేరు, ప్రతినాదం వేరు. డిలే ప్రతిధ్వని, రివర్బ్ ప్రతినాదం. కాని కాగితం మీద "శ్రీనాథుడి బావి" అని రాయి. బావిలో రాయి పడ్డ చప్పుడుకి మించిన రివర్బ్ ఏముంది?

మాస్టారు:
రాయి వేసింది పోతన. పరిగెత్తింది శ్రీనాథుడు. పైగా ఆ కథ ఈ పద్యానిది కాదు, తర్వాత వచ్చే "సిరికిం జెప్పడు"ది.

దాపటెద్దు:
పరిగెత్తినవాడిదే బావి మాస్టారూ. తాడు కూడా లేకుండా పరిగెత్తాడు.

తీగలవాడు:
అంటించేశాను. పలక మీద "గుయ్యాలించి", డిలే మీద "పాహి 375", చివర "శ్రీనాథుడి బావి". ఫొటో పెట్టాను చూడండి.

మాస్టారు:
చూశాను. "యనఁ" లేకుండా "గు" ఎలా వచ్చింది నాయనా? ముందు ద్రుతం లేనప్పుడు "కుయ్యాలించి" అనే ఉండాలి. కాగితం మార్చు.

ఒంటిమిట్ట:
మార్చకు తమ్ముడూ. వాల్యూమ్ మళ్ళీ మరిచిపోయిన రోజున అదే సరైన మాట.

మాస్టారు:
అయితే రెండూ ఒకటే అంటారా?

డాలస్ అక్క:
మాస్టారూ, ఇప్పుడు అడుగుతున్నది మీరే.