ఆర్‌వీ గీజర్ రిలీఫ్ వాల్వ్ కారుతోంది, మార్చేయాలా?

చక్రాల_ఇల్లు:
మా ఆర్‌వీ, అంటే ఇల్లులా వాడుకునే బండి, పాతదే, మా చేతికొచ్చింది మాత్రం ఈ మధ్యే. బయటి నుంచి గీజర్ తలుపు తీసి చూస్తే రిలీఫ్ వాల్వ్ మూతి కింద సున్నం పూసినట్టు తెల్లటి చార కట్టి ఉంది. గ్యాస్ మీద పెట్టిన కాసేపటికి బొట్టు బొట్టుగా మొదలవుతుంది, బాగా వేడెక్కితే సన్నటి ధార, చల్లారితే ఏమీ ఉండదు. వాల్వ్ పోయినట్టేనా? తెలిసినాయన ఒకరు ఆ మూతికి డమ్మీ బిగించి పారేయమన్నారు, నాకు ధైర్యం చాలక మిమ్మల్ని అడుగుతున్నా.

పానా_పెద్దాయన:
ముందు ఆ డమ్మీ సలహా మర్చిపోండి. థర్మోస్టాట్ పనిచేయక మంట ఆగకపోతే, ట్యాంకు పేలకుండా కాపాడే ఆఖరి దిక్కు ఆ వాల్వే. ప్రెషర్ 150 పీఎస్‌ఐ దాటినా, వేడి 210 డిగ్రీల ఫారన్‌హీట్ అంటే సుమారు 99 సెల్సియస్ దాటినా తెరుచుకునేలా చేస్తారు దాన్ని.

మీరు చెప్పినదాన్ని బట్టి వాల్వ్ బాగానే ఉండొచ్చు. ట్యాంకు పైభాగంలో కాస్త గాలి నిలిచి ఉండాలి. నీళ్ళు కాగితే ఉబ్బుతాయి, వచ్చిన దారిన వెనక్కి పోదామంటే చెక్ వాల్వ్ పోనివ్వదు, కాబట్టి ఆ గాలే నొక్కుకుని చోటివ్వాలి. ఆ గాలి రోజులు గడిచేకొద్దీ నీళ్ళలో కలిసి పోతూ ఉంటుంది, అది తగ్గిందంటే వాల్వే కాస్త నోరు తెరుస్తుంది. గీజర్ ఆపి, పూర్తిగా చల్లారాక పంపు, బయటి నీళ్ళు రెండూ కట్టేసి, లోపల ఒక వేడినీళ్ళ కుళాయి తిప్పి ఉంచి, వాల్వ్ పిడి ఎత్తి నీళ్ళు రావడం ఆగేదాకా పట్టుకోండి. తర్వాత పిడిని టక్కున వదిలేయండి, మెల్లగా దించొద్దు. కుళాయి కట్టి నీళ్ళు వదలండి.

తడి_చేతులు:
బయటి పైపుకి ప్రెషర్ రెగ్యులేటర్ ఉందా? లేకపోతే ముందు అది పెట్టించుకోండి, అది లేకుండా ఎన్ని వాల్వులు మార్చినా దండగే.

చక్రాల_ఇల్లు:
రెగ్యులేటర్ ఉందండీ, 50 దాటట్లేదు. పెద్దాయన చెప్పినట్టే చేశా, రెండు రోజులు చుక్క లేదు, సంబరపడ్డా. ఇప్పుడు చల్లగా ఉన్నా కారుతోంది! పిడి రెండుమూడుసార్లు ఆడించినా అంతే.

పానా_పెద్దాయన:
ఏళ్ళ తరబడి కదలని వాల్వ్‌ని ఎత్తితే సున్నం పలుకు సీటు మీద ఇరుక్కుంటుంది, ఒక్కోసారి అంతే. ఇక మార్చాల్సిందే, మీరే చేసుకోగలరు. గ్యాస్‌తో పాటు కరెంటు ఎలిమెంట్ స్విచ్ కూడా ఆపండి, ఖాళీ ట్యాంకులో ఎలిమెంట్ వేడెక్కితే ఇట్టే కాలిపోతుంది. ట్యాంకు చల్లారాక ప్రెషర్ వదిలించి మొత్తం ఖాళీ చేయండి, అడుగున చేరిన మడ్డి కూడా పోతుంది. గీజర్ సబర్బన్ కంపెనీది అయితే కింద తీసే బోల్టుకే ఆనోడ్ రాడ్ ఉంటుంది, ట్యాంకు తుప్పు పట్టకుండా తను అరిగిపోయే కడ్డీ అది, అరిగిపోతే పనిలో పనిగా మార్చండి. అట్‌వుడ్ కంపెనీదైతే అల్యూమినియం ట్యాంకు, దానికి రాడ్ ఉండదు.

కొత్త వాల్వ్ కొనేముందు పాతదాని బిళ్ళ మీది అంకెలు, మర సైజు చూసుకోండి. అరంగుళంవీ ఉన్నాయి, ముప్పావు అంగుళంవీ ఉన్నాయి. పట్టేసి ఉంటే తుప్పు వదిలించే నూనె కొట్టి ఒక రాత్రి వదిలేయండి. పైపు రెంచి వాల్వ్ ఒంటికే పట్టించండి, మూతికి గానీ పిడికి గానీ కాదు. కొత్తదానికి టెఫ్లాన్ టేపు బిగించే దిక్కులోనే మూడు నాలుగు చుట్లు చాలు. మూతి కిందికి చూడాలి, కాస్త దాటిపోయిందని వెనక్కి తిప్పారంటే మర దగ్గర కారుతుంది, అప్పుడు విప్పి మళ్ళీ టేపు చుట్టుకోవాల్సిందే.

చక్రాల_ఇల్లు:
అయిపోయిందండీ. రెంచికి లొంగడానికే అరగంట పట్టింది, ఒక్కసారి కిర్రుమన్నాక చేత్తోనే ఊడొచ్చింది. ట్యాంకులోకి వెళ్ళే దాని పుల్లకి కోడిగుడ్డు పెంకులా సున్నం పట్టి ఉంది, గోటితో గీరితే పొరలు పొరలుగా రాలింది. కొత్తది బిగించాక మూతి పక్కకి తిరిగి ఆగింది, వెనక్కి తిప్పబోయి మీ మాట గుర్తొచ్చి ముందుకే ఇంకో పావు చుట్టు తిప్పా. కుళాయి తుపతుపలాడడం మాని నిండుగా పోశాకే గ్యాస్ వెలిగించా. కింద పాత న్యూస్‌పేపర్ పరిచి గంటసేపు కాపలా కాశా, తడి లేదు.

తడి_చేతులు:
ఆ పేపర్ రేపు పొద్దుటిదాకా అక్కడే ఉంచండి.