మన నష్టంలో ప్రమోషన్ చేసినవారికి వాటా ఉంటే బాధ్యత ఎవరిది? మీ అనుభవాలు చెప్పండి

మంజీర_తీరం

సభ్యులందరికీ నమస్కారం. నేను సంగారెడ్డి జిల్లాలోని ఒక జూనియర్ కళాశాలలో అర్థశాస్త్రం బోధిస్తున్నాను. మా ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థి ఒకరు పరీక్ష ఫీజుకని ఇంట్లో ఇచ్చిన డబ్బును, ఆ తర్వాత తండ్రి ఖాతాలో పడిన పత్తి డబ్బును ఒక బెట్టింగ్ యాప్‌లో పోగొట్టుకున్నాడు. తల్లిదండ్రులను కూర్చోబెట్టి మాట్లాడినప్పుడు, పోయిన మొత్తం కంటే ఆ యాప్‌ను ఎందుకు నమ్మాడో ఆ పిల్లవాడు చెప్పిన కారణం నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. తాను రోజూ చూసే ఒక తెలుగు యూట్యూబర్, గృహప్రవేశం నుంచి తల్లి ఆపరేషన్ దాకా అన్నీ చూసేవారితో చెప్పుకునే మనిషి, తానే ఆడి గెలిచానంటూ ఫోన్ తెర చూపించాడట. "మా అన్న లాంటివాడు సార్, అబద్ధం ఎందుకు చెబుతాడు?" అని అడిగాడు.

ఆ వీడియో కింద ఒక లింకు, ఒక కోడ్ ఉన్నాయి. ఈ వ్యాపారంలో కోడ్‌ది చాలా పెద్ద పాత్ర. ఆ కోడ్‌తో చేరినవారి లెక్కన, లేదా వారు వేసిన డబ్బు లెక్కన, కొన్ని యాప్‌లలోనైతే వారు ఓడిపోయిన డబ్బు లెక్కన ప్రచారం చేసినవారికి శాతం ముడుతుంది. పత్రిక తన స్థలాన్ని అమ్ముకుంటుంది. ప్రకటన చూసి పాఠకుడు ఎంత పోగొట్టుకున్నా పత్రికకు అదనంగా పైసా రాదు. ఇక్కడ మాత్రం చూసేవాడి నష్టం పెరిగేకొద్దీ చూపించినవాడి ఆదాయం పెరుగుతుంది. అలాంటప్పుడు అతడిని ప్రకటనకర్త అనాలా, వ్యాపారంలో భాగస్వామి అనాలా? ప్రచారం చేసేవారి వైపు నుంచి, మోసపోయినవారి వైపు నుంచి, చట్టం వైపు నుంచి తెలిసినవారు తమ అనుభవాలు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

గుంటూరు_వంటగది

మంజీర గారూ, నాకు చిన్న వంటల ఛానల్ ఉంది కాబట్టి లోపలి సంగతి కొంత చెప్పగలను. కంపెనీలు మాతో నేరుగా మాట్లాడడం తక్కువ. మధ్యలో ఏజెన్సీ ఉంటుంది. వారు పంపే బ్రీఫ్‌లో మేము పలకవలసిన మాటలు కూడా రాసి ఉంటాయి. ఒక పోషకాహార పొడి విషయంలో "మా పిల్లలకు మూడు నెలలుగా ఇదే ఇస్తున్నాను" అని చెప్పమన్నారు. అప్పటికి ఆ డబ్బా మా ఇంటికి రానే లేదు. ఆ వాక్యం తీసేస్తే చేస్తానన్నాను, వారు వేరే ఛానల్ చూసుకున్నారు. "పెయిడ్ పార్టనర్‌షిప్" (డబ్బు తీసుకున్న ప్రచారం) గుర్తు పెడితే రీచ్, అంటే వీడియో చేరేవారి సంఖ్య, పడిపోతుందనీ, పెట్టవద్దనీ అడిగే ఏజెన్సీలు ఇప్పటికీ ఉన్నాయి. బెట్టింగ్, రంగు ఊహించి పందెం కాసే కలర్ ప్రిడిక్షన్ యాప్‌ల నుంచి వచ్చే మెయిళ్లలో చూపించే మొత్తం మసాలాలకో, గిన్నెలకో ఇచ్చే దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అంత ఎందుకు ఇస్తారన్నది మీరు చెప్పిన కోడ్ లెక్క చూస్తే అర్థమవుతుంది.

నియమాలు లేవని అనుకోవద్దు. ప్రకటనల ప్రమాణాల మండలి, అంటే ఏఎస్‌సీఐ, 2021లోనే ఇన్‌ఫ్లుయెన్సర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. 15 సెకన్ల లోపు వీడియో అయితే ప్రకటన అన్న గుర్తు కనీసం 3 సెకన్లు కనిపించాలి. రెండు నిమిషాల లోపు అయితే నిడివిలో మూడో వంతు సేపు ఉండాలి. అంతకు మించితే ఆ వస్తువు గురించి మాట్లాడినంత సేపూ ఉండాలి. హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచకూడదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన సూచనల ప్రకారం ప్రచారం ఏ భాషలో ఉంటే ఆ ప్రకటన గుర్తు కూడా ఆ భాషలోనే ఉండాలి. తెలుగు వంటల వీడియోలో మూలన చిన్న ఇంగ్లీషు అక్షరాలతో పెడితే మా అత్తగారి వయసు వారికి అది ఉన్నట్టే తెలియదు.

ఉచితంగా వచ్చిన వస్తువుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. "డబ్బు తీసుకోలేదు, వారు పంపారు కాబట్టి చూపిస్తున్నాను" అని చాలామంది అంటారు. 2022 జూలై 1 నుంచి అప్పటి ఆదాయపు పన్ను చట్టంలో 194ఆర్ సెక్షన్ అమల్లోకి వచ్చింది. ఏడాదిలో 20,000 రూపాయలు దాటిన వస్తువును ఉంచుకుంటే ఇచ్చినవారు దానిపై 10 శాతం టీడీఎస్ (ముందే మినహాయించే పన్ను) కట్టాలి. పన్ను శాఖకు ఆదాయంగా చూపించే మిక్సీని, చూసేవారికి మాత్రం "నాకు నచ్చింది, చెబుతున్నాను" అని ఏ ముఖంతో చూపించగలం?

ఓరుగల్లు_వకీలు

మంజీర గారి ప్రశ్న సూటిగా ఉంది కాబట్టి సూటిగానే జవాబు చెబుతాను. తెలంగాణలో పందెం కాసే ఆన్‌లైన్ ఆటలు, రమ్మీతో సహా, 2017లో గేమింగ్ చట్టానికి చేసిన సవరణతోనే నిషిద్ధం అయ్యాయి. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది. అంటే తెలుగు ప్రేక్షకుల కోసం తెలుగులో బెట్టింగ్ యాప్‌ను ప్రచారం చేసేవారు, నిషేధం ఉన్న రెండు రాష్ట్రాల వారినే ప్రధానంగా ఉద్దేశించి మాట్లాడుతున్నట్టు లెక్క. 2025 మార్చిలో పంజాగుట్ట, మియాపూర్ పోలీస్ స్టేషన్లలో సినిమా నటులు, యూట్యూబర్ల మీద కేసులు నమోదయ్యాయి, ఆ తర్వాత అక్రమ నగదు చలామణిని దర్యాప్తు చేసే కేంద్ర సంస్థ ఈడీ కూడా రంగంలోకి దిగింది. అప్పట్లో ఆర్టీసీ ఎండీగా ఉన్న సజ్జనార్ గారు సామాజిక మాధ్యమాల్లో నెలల తరబడి ఈ వీడియోలను ఎత్తి చూపడం వల్లనే విషయం ఇంత దూరం వచ్చిందని నా అభిప్రాయం. అయితే కేసు నమోదు కావడం వేరు, నేరం రుజువు కావడం వేరు. ఆ తేడాను మనం ఈ చర్చలో పాటించాలి.

పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. డబ్బు పెట్టి ఆడే ఆటలకు ప్రకటన చేసినవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చని అందులో ఉంది.

ఇతర వస్తువుల సంగతికి వస్తే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం 21వ సెక్షన్ ముఖ్యమైనది. తప్పుదోవ పట్టించే ప్రకటనను సమర్థించినవారికి 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా పడుతుంది. ఏడాది వరకు, పునరావృతమైతే మూడేళ్ల వరకు ఏ వస్తువుకూ ప్రచారం చేయకుండా నిషేధించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. అదే సెక్షన్‌లో, ప్రకటనలోని మాటలు నిజమో కాదో తగిన శ్రద్ధతో పరిశీలించినవారికి మినహాయింపు ఉంది. నా దృష్టిలో అసలు కీలకం ఈ "తగిన శ్రద్ధ" దగ్గరే ఉంది. "కంపెనీ చెప్పింది, నేను చెప్పాను" అనడం శ్రద్ధ కాదు. ఏ పత్రం అడిగారు, ఎవరిని సంప్రదించారు, ఎన్ని రోజులు వాడి చూశారు అన్నది చూపించగలగాలి.

విశాఖ_క్రియేటర్

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు చెబుతాను. పల్లెటూరి నుంచి వచ్చి సెల్‌ఫోనుతో వీడియోలు తీసుకునే కుర్రాడికి ఒప్పందం చదివి చెప్పే న్యాయవాది ఉండడు. పెద్ద నటులు "మేము చట్టం అనుమతించిన ప్రాంతాల్లో నైపుణ్యం ఆటలకే ప్రచారం చేశాం" అని పద్ధతిగా ప్రకటన ఇవ్వగలరు. చిన్నవాడు ముందు స్టేషన్‌కు వెళతాడు. ఆ యాప్‌ను నడిపేవారు ఏ దేశంలో ఉన్నారో కూడా తెలియదు. చేతికి దొరికినవాడి మీదే మొత్తం బాధ్యత మోపడం న్యాయమా? చూసేవారు కూడా కాస్త ఆలోచించాలి కదా.

గుంటూరు_వంటగది

విశాఖ సోదరా, ఒప్పందం చదవలేకపోవడం నిజంగా ఉన్న ఇబ్బందే, అది నేనూ చూశాను. కానీ తాను ఆడకుండా "ఆడి గెలిచాను" అని చెప్పడానికి ఒప్పందం చదవవలసిన అవసరం లేదు. గెలిచినట్టు చూపించే డెమో ఖాతాను యాప్ వారే ఇస్తామన్నప్పుడు అది అబద్ధమని చదువు రానివారికి కూడా తెలుస్తుంది. చూసేవారు ఆలోచించాలన్న మాట పెద్దవారి విషయంలో ఒప్పుకుంటాను. పదిహేడేళ్ల పిల్లవాడి విషయంలో ఒప్పుకోలేను.

డాలస్_తెలుగు

నేను అమెరికాలో ఉంటాను, నా అనుభవం స్థలాలకు సంబంధించినది. హైదరాబాద్ శివార్లలో "ప్రీలాంచ్ ఆఫర్" అంటూ మాలాంటి ప్రవాసులను ఉద్దేశించి చేసే తెలుగు వీడియోలు లెక్కలేనన్ని వస్తున్నాయి. వ్యాఖ్యాత కారు దిగి, ఖాళీ భూమిలో నడుస్తూ, ఇక్కడ రింగ్ రోడ్డు, అక్కడ ఐటీ పార్కు అని చేయి చూపిస్తాడు. మా స్నేహితుల బృందంలో ఇద్దరు అలా చూసి మొత్తం సొమ్ము ముందే కట్టేశారు. నిర్మాణానికి అనుమతే రాలేదని తర్వాత తెలిసింది. వీడియో చేసిన వ్యక్తిని అడిగితే "నేను సమాచారం మాత్రమే ఇచ్చాను" అన్నాడు.

ఈ విషయంలో చట్టం చదివి ఆశ్చర్యపోయాను. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం, నమోదు కావలసిన ఏ ప్రాజెక్టునైనా నమోదుకు ముందు ప్రకటించడమే నేరం. ప్రకటనలో రెరా నంబరు తప్పకుండా ఉండాలి. అంతకంటే ముఖ్యం, స్థిరాస్తి ఏజెంటు నిర్వచనంలో, ప్రతిఫలం తీసుకుని ఏ మాధ్యమం ద్వారానైనా కొనేవారిని, అమ్మేవారిని పరిచయం చేసే వ్యక్తి కూడా ఉన్నాడు. ఏజెంటు రెరాలో నమోదు చేసుకోవాలి. అంటే ఒక్కో ప్లాటుకు ఇంత అని కమీషన్ తీసుకునే యూట్యూబర్ "నేను సమాచారం ఇచ్చాను" అని తప్పించుకోవడం కష్టం. మంజీర గారు బెట్టింగ్ గురించి అడిగిన ప్రశ్నకు స్థిరాస్తి చట్టం పదేళ్ల కిందటే జవాబు రాసి పెట్టినట్టుంది. ఇప్పుడు మా బృందంలో ఎవరైనా వీడియో పంపితే ముందు అడిగేది రెండు నంబర్లు: ప్రాజెక్టుది ఒకటి, వీడియోలో మాట్లాడే మనిషిది ఒకటి.

గోదావరి_ఫార్మసీ

రాజమండ్రిలో మందుల దుకాణం నడుపుతున్నాను. రీల్ చూపించి "ఇది ఇవ్వండి" అని అడిగేవారు రోజూ వస్తారు. తెల్లబడే క్రీములు ఎక్కువగా అడుగుతారు. వాటిలో కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. కొన్ని రోజులు ముఖం మెరుస్తుంది, ఆపగానే ఎర్రబడి, దద్దుర్లు వచ్చి, చర్మం పలచబడుతుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో పాదరసం ఉన్న ఇలాంటి క్రీములు వాడినవారిలో మూత్రపిండాల జబ్బు వచ్చినట్టు 2023లో వైద్యులు గుర్తించారు. రీల్‌లో ఫిల్టర్ వెనుక ముఖం చూపించిన అమ్మాయి తాను ఆ క్రీమును వాడిందో లేదో ఎవరికీ తెలియదు.

వీటికంటే నాకు ఎక్కువ భయం కలిగించేవి షుగర్ వీడియోలు. ఒక పెద్దాయన, ఏళ్లుగా మా దగ్గరే మందులు కొనేవారు, ఒక కషాయం వీడియో చూసి మాత్రలు మానేశారు. కాలి పుండుతో ఆసుపత్రిలో చేరారని ఆయన కొడుకు చెప్పాడు. డయాబెటిస్ నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టమే నిషేధించింది. ఏఎస్‌సీఐ కూడా 2023లో తన నియమాలు సవరించి, ఆరోగ్యం, పెట్టుబడుల గురించి సలహా చెప్పేవారు తమ అర్హతను వీడియోలోనే చూపాలని కోరింది. డాక్టరు కోటు వేసుకుని మాట్లాడే ప్రతివారినీ ఏ కౌన్సిల్‌లో నమోదయ్యారని వ్యాఖ్యల్లో అడగండి. నేను అడుగుతున్నాను; జవాబు ఇవ్వకుండా వ్యాఖ్యను తొలగించేవారే ఎక్కువ.

స్టాక్_పరిశీలన

పెట్టుబడుల గురించి క్లుప్తంగా చెబుతాను. "బాప్ ఆఫ్ చార్ట్" పేరుతో కోర్సులు అమ్మిన వ్యక్తి మీద స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2023 అక్టోబరులో ఇచ్చిన ఉత్తర్వును అందరూ చదవాలి. 17 కోట్లకు పైగా సొమ్మును స్వాధీనపరచమని సెబీ ఆదేశించింది. లాభాల తెరపటాలు (స్క్రీన్‌షాట్లు) చూపించి పాఠాలు అమ్మిన ఆయనకు, రెండున్నరేళ్ల ట్రేడింగ్‌లో మొత్తం మీద దాదాపు 3 కోట్ల నష్టం వచ్చినట్టు సెబీ లెక్క తేల్చింది. ఎవరైనా లాభం చూపిస్తే ఒక్క రోజు తెరపటం కాకుండా ఏడాది లెక్క అడగాలి.

మంజీర_తీరం

అందరికీ కృతజ్ఞతలు. విశాఖ గారు చెప్పిన అసమానత నిజమే, దానికి పరిష్కారం పెద్దవారినీ అదే కొలతతో అడగడం తప్ప చిన్నవారిని వదిలేయడం కాదని భావిస్తున్నాను. కేసులు వచ్చాక చాలామంది క్షమాపణ వీడియోలు పెట్టారు. వాటిని శ్రద్ధగా చూశాను. "ఇకపై చేయను" అన్నారు, బాగుంది. ఎంత తీసుకున్నారు, తమ కోడ్‌తో ఎంతమంది చేరారు, ఆ డబ్బును ఏం చేశారు అన్నది నేను చూసిన వాటిలో ఎవరూ చెప్పలేదు. పాత వీడియోలు మాత్రం మాయమయ్యాయి. క్షమాపణ అడిగేవారు చేయవలసింది అందుకు విరుద్ధమని నా అభిప్రాయం: ఎంత మందికి ఆ ప్రచారం చేరిందో అంత మందికీ సవరణ చేరేలా అదే ఛానల్‌లో పైన అతికించి ఉంచాలి, వచ్చిన డబ్బు ఎంతో చెప్పాలి, నష్టపోయినవారు ఫిర్యాదు చేయడానికి తమ దగ్గరున్న ఏజెన్సీ వివరాలు ఇవ్వాలి.

వకీలు గారూ, వీడియో తొలగించేస్తే మావంటివారు ఏం చేయాలి? ఆ పిల్లవాడి తండ్రి దగ్గర ఇప్పుడు బ్యాంకు స్టేట్‌మెంటు తప్ప మరేమీ లేదు.

ఓరుగల్లు_వకీలు

బ్యాంకు స్టేట్‌మెంటు చిన్న ఆధారం కాదు. డబ్బు ఏ ఖాతాకు వెళ్లిందో దానిలో ఉంటుంది. డబ్బు పోయిన వెంటనే అయితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి, ఎందుకంటే మొదటి గంటల్లో చెబితేనే ఆ సొమ్మును మధ్యలో నిలిపే అవకాశం ఎక్కువ. ఆలస్యమైనా సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. ఛానల్ పేరు, వీడియో చూసిన సుమారు తేదీ, కోడ్ గుర్తుంటే కోడ్ రాయండి. తొలగించిన వీడియో వివరాలను యూట్యూబ్ వంటి వేదిక నుంచి రాబట్టే అధికారం దర్యాప్తు అధికారికి ఉంది. అదే వీడియోను టెలిగ్రామ్‌లోనో, వాట్సాప్‌లోనో ఎవరైనా దాచుకుని ఉండవచ్చు, తరగతిలో మిగతా పిల్లలను అడగండి. వస్తువుల మీద, మందుల మీద తప్పుడు ప్రచారమైతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. ఏఎస్‌సీఐకి కూడా ఫిర్యాదు పంపవచ్చు కానీ అది ప్రకటనల రంగం తనకు తాను పెట్టుకున్న సంస్థ, శిక్షించే అధికారం దానికి లేదు.

ఇకపై ఎవరికైనా అనుమానం వస్తే ముందు లింకు కాపీ చేసి, ఛానల్ పేరు, తేదీ కనిపించేలా వీడియో మొత్తాన్ని స్క్రీన్ రికార్డు చేసి, ఆ ఫైలును కత్తిరించకుండా అలాగే ఉంచండి. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ ఆధారానికి ధ్రువపత్రం జతచేయాలి, దానిలో ఆ ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే ప్రత్యేక సంకేతం, రాయాలి. ఫైలును వాట్సాప్‌లో మామూలుగా వీడియోగా పంపితే అది కుదించుకుపోయి ఆ విలువ మారిపోతుంది, కాబట్టి అసలు ఫైలు రికార్డు చేసిన ఫోన్‌లోనే ఉండాలి. ఆ తండ్రిగారిని స్టేట్‌మెంటుతో, పిల్లవాడి ఫోన్‌తో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లమని చెప్పండి. వార్షికాదాయం పరిమితి లోపు ఉన్నవారికి అక్కడ న్యాయవాదిని ఉచితంగా ఇస్తారు. ఫోన్‌ను ఈలోగా ఫార్మాట్ చేయవద్దని మాత్రం ఈ రోజే చెప్పండి.