‘లౌకిక బ్రిటన్’ అనవచ్చా?

ప్రశ్న: పాశ్చాత్య దేశాల్లో క్రైస్తవుల మతస్వేచ్ఛ మీద ఒక వ్యాసం రాస్తున్నాను. బ్రిటన్, ఫ్రాన్స్ రెండింటినీ ‘లౌకిక దేశాలు’ అన్నాను. సంపాదకులు బ్రిటన్ దగ్గర ఎర్రసిరాతో సున్నా చుట్టారు. ఆ మాటలో తప్పేమైనా ఉందా?

జవాబు: ఉందండీ. ఇంగ్లండులో అధికారిక చర్చికి రాజే పెద్ద. పార్లమెంటు ఎగువసభ అయిన ప్రభువుల సభలో 26 మంది బిషప్పులకు స్థానాలున్నాయి. దాన్ని లౌకిక రాజ్యమని ఎలా అంటాం? ఫ్రాన్స్ అలా కాదు, 1905 చట్టంతో చర్చితో తెగతెంపులు చేసుకుంది. (ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్న ఆల్సాస్, మోసెల్ ప్రాంతాలు అప్పట్లో జర్మనీ చేతిలో ఉండి ఆ చట్టానికి దొరకలేదు. ఇప్పటికీ అక్కడ పూజారుల జీతాలు ప్రభుత్వానివే!)

మీ వ్యాసానికి అసలు పనికొచ్చేది ఎవైడా కేసు. 2006లో హీత్రూ విమానాశ్రయంలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ చెక్-ఇన్ ఉద్యోగి నడియా ఎవైడా మెడలో చిన్న సిలువ పైకి కనిపించేలా వేసుకున్నారు. యూనిఫాం నియమాలు ఒప్పుకోవన్నారు. సిక్కుల తలపాగాకు, ముస్లిం మహిళల హిజాబ్‌కు అదే సంస్థలో అనుమతి ఉంది. జీతం లేకుండా ఇంటికి పంపారు. గొడవ పెద్దదై 2007లో సంస్థ నియమం మార్చుకుంది గానీ పోయిన జీతం ఇవ్వలేదు. బ్రిటన్ కోర్టుల్లో ఆమె ఓడిపోయారు. చివరికి 2013 జనవరిలో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానంలో గెలిచారు. అదే తీర్పులో సిలువ గొలుసు కోసం పోరాడిన షెర్లీ చాప్లిన్ అనే నర్సు ఓడిపోయారు. రోగులు గొలుసు పట్టుకు లాగవచ్చు, అది పుండుకు తగలవచ్చు అన్న ఆసుపత్రి వాదన సమంజసమేనంది న్యాయస్థానం. క్రైస్తవుల మీద కక్ష అని ఒక్క ముక్కలో తేల్చేసేవారు ఈ రెండో సగం చెప్పరు.

మరొకరు: వాడుకలో లౌకికమనే అంటున్నాం కదా, ఇంత పట్టింపు దేనికి?

జవాబు: పట్టింపు ఉండాలండీ. ఎవైడాను ఆపింది రాజ్యం కాదు, ఒక కంపెనీ నియమం. అప్పట్లో చర్చికి రాణి అధిపతిగా ఉన్న దేశంలోనే అది జరిగింది. మారుతున్నది సమాజం. ఇంగ్లండు, వేల్స్‌లలో క్రైస్తవులమని చెప్పుకున్నవారు 2011 జనగణనలో 59.3 శాతం, 2021లో 46.2 శాతం. అందుకని ‘మతం పట్టు సడలుతున్న సమాజం’ అనండి. కాస్త పొడుగే, కానీ అబద్ధం ఉండదు.

ప్రశ్న అడిగినవారు: మరి ఫ్రాన్స్ దగ్గర?

జవాబు: ‘లౌకిక’ అలాగే ఉంచి పక్కన ఒక వాక్యం చేర్చండి. మన పాఠకులకు ఆ మాట వినగానే సర్వమత సమభావం తడుతుంది. ఫ్రాన్స్‌లో దాని అర్థం వేరు, మతాన్ని ప్రభుత్వానికి దూరంగా ఉంచడం. అక్కడ ప్రభుత్వ బడిలో పిల్లలు పెద్ద సిలువ వేసుకోవడాన్ని 2004 చట్టం నిషేధించింది. చొక్కా లోపలి చిన్న సిలువకు అభ్యంతరం లేదు. హిజాబ్‌కు, తలపాగాకు ఆ వెసులుబాటు ఎలా దొరుకుతుందో మీరే ఆలోచించి రాయండి.