మందు లేని మెక్సికన్ డ్రింకులు: బెంగళూరులో ఏవి కుదురుతాయి?

హెచ్ఎస్ఆర్ స్వప్న:
వచ్చే ఆదివారం మా ఇంట్లో మెక్సికన్ భోజనం. టాకోలు, రాజ్మా నేను చూసుకుంటాను. తాగడానికి ఏం పెట్టాలో తోచట్లేదు. మా ఇంట్లో మందు పెట్టం, పైగా అత్తయ్య ఉంటారు. కోలా సీసాలతో సరిపెట్టడం ఇష్టం లేదు. ఇక్కడ దొరికే సరుకులతో అయ్యేవి చెప్పండి.

గ్వాదలహారా రిటర్న్:
ప్రాజెక్టు మీద మెక్సికోలోని గ్వాదలహారా నగరంలో ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నం భోజనంలోకి మందు లేని డ్రింకులే తాగేవాణ్ణండీ. అగ్వాస్ ఫ్రెస్కాస్ అంటారు, అంటే పళ్ళు, పూలు, గింజల్లాంటివి నీళ్ళలో కలిపి చేసే చల్లటి పానీయాలు. పెద్ద గాజు జాడీల్లో ఎర్రవి, తెల్లవి వరసగా పెట్టి, గరిటెతో ముంచి పోస్తారు.

నా ఓటు హమైకాకి. అది మన ఎర్ర గోంగూరే. ఆకు కాదు, పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి కండగల తొడుగు. ఎండబెట్టింది ఆన్‌లైన్లో రోజెల్ పేరుతో దొరుకుతుంది. హైబిస్కస్ టీ అని రాసుంటే చూసి కొనండి, ఒక్కోసారి పెరటి మందార రేకులు అంటగడతారు, వాటికి ఆ పులుపుండదు. లీటరు నీళ్ళకి ఓ పెద్ద గుప్పెడు వేసి స్టీలు గిన్నెలో ఐదు నిమిషాలు మరిగించండి. మూతపెట్టి చల్లార్చి వడకట్టి, చన్నీళ్ళు, చక్కెర, ఐసు కలపండి. అల్యూమినియం గిన్నె వద్దు. టేబుల్ మీద తెల్లగుడ్డ అస్సలొద్దు, మరక పోదు!

పిల్లలుంటే ఓర్చాతా. బియ్యం, దాల్చినచెక్క రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, పల్చటి గుడ్డలో వడకట్టి చక్కెర కలపడమే. కొందరు పాలు కూడా పోస్తారు. అక్కడ వాడేది శ్రీలంక చెక్క, పొరలు పొరలుగా ఉండి చేత్తో నలిపితే విరిగిపోతుంది. మన బిర్యానీలో వేసే మందపాటి చెక్కయితే ఘాటు, సగం వేయండి. పిండి అడుక్కి దిగిపోతుంది కాబట్టి పోసే ప్రతిసారీ కలపాలి.

చింతపండుతోనూ చేస్తారు. మా ఆవిడ ఒక గుక్క తాగి, "ఇంగువ మర్చిపోయారు" అని పక్కన పెట్టేసింది.

మల్లేశ్వరం మామ:
తెపాచే చెప్పలేదేం? అనాస తొక్కలు, బెల్లం, చెక్క, లవంగాలు నీళ్ళలో వేసి రెండు రోజులుంచితే చాలు, భలే ఉంటుంది.

గ్వాదలహారా రిటర్న్:
కావాలనే వదిలేశాను మామా. పులిసేది కదా, కొంచెమైనా ఆల్కహాల్ వస్తుంది. స్వప్న గారింట్లో అత్తగారున్నారు! అక్కడ నేను ఎగబడి తాగిన తెహుఇనో సంగతీ అంతే. మొక్కజొన్న ముద్ద, వాళ్ళ బెల్లం కలిపి పులియబెట్టి, నిమ్మరసం, ఉప్పు వేసి ఇస్తారు.

హెచ్ఎస్ఆర్ స్వప్న:
రోజెల్ ఆర్డర్ పెట్టేశాను. అత్తయ్యకి షుగర్ ఉంది, ఏం చేయను?

గ్వాదలహారా రిటర్న్:
హమైకాలో చక్కెర కలపకముందే ఆవిడకి ఓ సీసా తీసిపెట్టండి. లేదా నిమ్మకాయ నీళ్ళలో చియా గింజలు నానబెట్టి చక్కెర లేకుండా ఇవ్వండి, అదీ అక్కడి డ్రింకే. ఓర్చాతా మాత్రం వద్దు, చక్కెర మానేసినా బియ్యం బియ్యమే కదా.