కార్డు మీద 2031 దాకా ఉంది, అమ్మేమో 14 నెలలుగా ఊళ్ళోనే ఉంది. ఇప్పుడు పంపొచ్చా?

ప్రొద్దుటూరు_పెద్దోడు:
అన్నలకూ అక్కలకూ నమస్కారం. మా తమ్ముడు డల్లాస్‌లో సిటిజన్, వాడే 2021లో అమ్మకు గ్రీన్‌కార్డు తెప్పించాడు. పోయినేడు పెళ్ళికని వచ్చి బాత్రూంలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్, మంచం, వాకరు, మధ్యలో నాయన సంవత్సరీకం, చూస్తుండగానే 14 నెలలు. కార్డు మీద 2031 అని స్పష్టంగా ఉంది కదా, టికెట్ తీసేయమంటున్నాడు తమ్ముడు. ఎయిర్‌పోర్టులో ఏమన్నా అంటారా? ఇంకోటి, ఆమె పేరు మీద నాలుగెకరాల చేను ఉంది, కార్డుకీ దానికీ ఏమన్నా లింకుందా? వీల్‌చైర్ కావాలంటే ముందే చెప్పాలా?

పెన్నా_ఇసుక:
టికెట్ తీయొద్దు సామీ. మా నాయన ఏడాదికి ఒకసారి పోయి, మూడు వారాలుండి, మనవళ్ళను చూసుకొని వచ్చేసేవాడు. కార్డు బతికుంటే చాలనుకున్నాం. నాలుగోసారి దిగినప్పుడు పక్క గదిలో కూర్చోబెట్టి, ఇల్లెక్కడ, పన్ను కట్టినావా, ఇక్కడ ఎన్నాళ్ళున్నావు అని అడిగి ఒక కాగితం ముందర పెట్టినారంట. ఆయనకు ఇంగ్లీషు రాదు. బ్యాంకులో వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేసే అలవాటు, అట్లనే చేసేసినాడు. అది ఐ-407. నా అంతట నేనే కార్డు వదులుకుంటున్నా అని దాని అర్థం. బయట మా అక్క ఫ్లాస్కులో కాఫీ పెట్టుకొని మూడు గంటలు నిలబడింది. సంతకం పెట్టను, జడ్జి ముందర చెప్పుకుంటా అనే హక్కు ఉందంట. ఆ ముక్క మాకు తర్వాత తెలిసింది.

కొండారెడ్డి_బురుజు:
19 ఏళ్ళుగా న్యూజెర్సీలో ఉన్నా. కర్నూలు వాళ్ళవే వంద ఫైళ్ళు నా చేత్తో నింపినా, లాయర్లే నాకు ఫోన్ చేసి అడుగుతారు, కాబట్టి వినండి. కార్డు మీది తేదీ ఆ ప్లాస్టిక్ ముక్కది, అక్కడ శాశ్వతంగా ఉండే హోదాది కాదు. పదేళ్ళ కార్డు గడువు తీరినా హోదా ఎక్కడికీ పోదు, ఐ-90 వేస్తే కొత్తది వస్తుంది, అది వచ్చేలోపు ఆ రసీదే పాతకార్డును 36 నెలలు పొడిగిస్తుంది. అదే కార్డుకు ఇంకా ఐదేళ్ళు మిగిలున్నా, కాపురం ఊళ్ళో పెట్టుకుంటే హోదాకే ఎసరు. ఆరు నెలలు దాటితే ప్రశ్నలు మొదలు. ఏడాది దాటితే ఆ కార్డు ఒక్కటే పట్టుకొని తిరిగి రావడానికి లేదు. బయలుదేరే ముందే రీఎంట్రీ పర్మిట్‌కు, అంటే తిరిగి రానిచ్చే అనుమతికి, ఐ-131 ఫారం వేసి ఉంటే రెండేళ్ళ దాకా దిగులు ఉండేది కాదు. అది అమెరికాలో ఉండగానే వేయాలి, వేలిముద్రలూ అక్కడే ఇవ్వాలి. ఊరికొచ్చినాక కుదరదు. వేసినారా? వేసి ఉండరు. ఎవరూ వేయరు.

అనంతక్క:
మీకు కార్డు వచ్చి, దాన్ని ఎట్లా కాపాడుకోవాలా అని బాధ. మా అన్న 2008లో నాకు ఫైల్ వేసినాడు, తోబుట్టువుల కేటగిరీ, ఎఫ్4. ఎవరి వంతు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ నెలనెలా చూసేది, వంటింటి క్యాలెండర్ మీద రాసుకునేది. మన దేశానిది 2006లో వేసిన ఫైళ్ళ దగ్గరే తచ్చాడుతోంది. ఫైల్ వేసినప్పుడు నా కూతురికి ఎనిమిదేళ్ళు, ఇప్పుడు దానికి పెళ్ళయి కొడుకు కూడా. ఇంక నా ఫైల్లో అది రాదు. అది రాకుంటే నేను పోయి ఏం చేయాల?

రైతుబిడ్డ_గుత్తి:
చేను గురించి ఎవరూ చెప్పరే. జాగ్రత్త అన్నా, గ్రీన్‌కార్డు ఉన్నోళ్ళ పేరు మీద సేద్యపు భూమి ఉండకూడదు. మా ఊళ్ళో ఒకాయనకు పాసుపుస్తకం ఇయ్యకుండా తిప్పుకుంటున్నారు. ముందే నీ పేరుకు రాయించుకో.

కొండారెడ్డి_బురుజు:
ఎవరు చెప్పినారయ్యా ఈ కథలు? ఫెమా, అంటే విదేశీ మారక చట్టం ప్రకారం ఎన్నారై సేద్యపు భూమి కొనకూడదు. ముందు నుంచి ఉన్నది ఉంచుకోవచ్చు, వారసత్వంగా వస్తే తీసుకోవచ్చు. పైగా గ్రీన్‌కార్డు వచ్చినంత మాత్రాన పౌరసత్వం మారదు, పాస్‌పోర్టు మనదే. తల్లిని భయపెట్టి చేను రాయించుకోమని సలహానా?

రైతుబిడ్డ_గుత్తి:
నేనేమన్నా నా పేరుకు రాయించుకుంటున్నానా? ఏసీ గదిలో కూర్చొని ఫెమా ఫెమా అనడం కాదు సార్, ఒకసారి వచ్చి ఇక్కడ కచేరీ మెట్లెక్కి చూడండి. సరే, మరి పీఎం కిసాన్? ఎన్నారైలకు రాదని రూల్లోనే ఉంది. ఏడాదికి 6000 తీసుకుంటా ఉంటే రేపు వెనక్కి కట్టమంటారు. దానికి చెప్పండి జవాబు.

హంద్రీ_గాలి:
ఇద్దరూ కొంచెం ఆగండప్పా. ఆ ఎన్నారై లెక్క ఆదాయపన్ను చట్టానిది, ఏడాదిలో దేశంలో ఎన్ని రోజులున్నావన్నదాన్ని బట్టి ఉంటుంది, 182 రోజుల లెక్క. 14 నెలలుగా ప్రొద్దుటూరులో ఉన్నామె ఎన్నారై ఎట్లవుతుంది? చిక్కేందంటే, ఇక్కడేమో నేను ఇక్కడే ఉన్నా అనాలి, అక్కడికి పోయి నా ఇల్లు అక్కడే అనాలి. ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. కార్డు ఉన్నంతకాలం ఇండియాలో వచ్చే వడ్డీ, కౌలు కూడా అమెరికా రిటర్నులో చూపించాల్సిందే. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అని, ఆ ఖాతాల వివరం కూడా అమెరికాకు ఇవ్వాలి. మా అత్త ఎఫ్‌డీ కాగితాలు చీరల మడతల్లో పెట్టుకొని, ఇవి కొడుక్కే తెలియవు, అమెరికాకేం తెలుస్తాయి అనేది.

రైతుబిడ్డ_గుత్తి:
కౌలు కూడానా? వానల్లేక రెండేళ్ళుగా కౌలుదారు రూపాయి ఇయ్యలేదు. ఏం చూపియ్యాల, ఎండిన కట్టెనా?

ప్రొద్దుటూరు_పెద్దోడు:
అన్నా, చేను పక్కన పెట్టండి, మీకు దండం. పర్మిట్ తీసుకోలేదు. ఇప్పుడు దారేంది?

మైదుకూరు_కోడలు:
దారి ఉంది. మా అత్తకు గుండె ఆపరేషన్ అయి 17 నెలలు ఇక్కడే ఉండిపోయింది. ఎస్‌బీ-1 అని, తిరిగొచ్చే నివాసులకు ఇచ్చే వీసా. డీఎస్-117 ఫారం, 180 డాలర్లు. అమెరికా నుంచి బయలుదేరేనాటికి హోదా ఉందని, తిరిగి పోవాలనే వచ్చిందని, ఆగిపోయింది తన చేతిలో లేని కారణంతోనని చూపించాలి. మేము ఇంత లావు ఫైలు మోసుకొని ముంబయిలో అమెరికా కాన్సులేట్‌కు పోయినాం. డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, అక్కడ కట్టిన పన్ను కాగితాలు, అన్నీ. కౌంటర్లో ఉన్నామె అన్నీ పక్కన పెట్టి ఒక్కదాన్నే రెండుసార్లు చూసింది: వచ్చేటప్పుడు తీసిన తిరుగు టికెట్. ఆపరేషన్ అయిన తొమ్మిదో రోజుకు ఉంది ఆ ప్రయాణం. అది ఒప్పుకున్నాక మళ్ళీ మెడికల్, మళ్ళీ ఫీజు, కొత్తగా పోయేవాళ్ళకు మాదిరే. అయినా వచ్చింది! వీల్‌చైర్‌కు టికెట్ తీసేటప్పుడే చెప్పండి, చివర్లో చెప్తే విసుక్కుంటారు.

కొండారెడ్డి_బురుజు:
ఎస్‌బీ-1 అంత సులువుగా ఇవ్వరు. తమ్ముడు సిటిజనే కదా, రాకపోతే మళ్ళీ మొదటినుంచి గ్రీన్‌కార్డుకు ఐ-130 పిటిషన్ వేసుకోవచ్చు. తల్లిదండ్రులకు ఎఫ్4 మాదిరి క్యూ లేదు.

మైదుకూరు_కోడలు:
వంద ఫైళ్ళు నింపిన మీరు ఈ రెండు ముక్కలూ మొదట్లోనే చెప్పొచ్చు కదా, ఎవరూ వేయరు అని దెప్పేదానికి బదులు?

సీమ_మనవడు:
అసలు ఆమెను అడిగినారా ఎవరన్నా? మా జేజికీ కార్డు ఉండేది. కొడుకూ కోడలూ ఆఫీసుకు పోతే కిటికీ దగ్గర కూర్చొని, చెత్త బండి ఏ వారం వస్తుందో లెక్కపెట్టుకునేది. చివరికి మేమే ఐ-407 పంపించి, విజిటర్ వీసాకు వేసినాం. ఇప్పుడు నాలుగు నెలలుండి సంక్రాంతికి ఇంట్లో ఉంటుంది.

అనంతక్క:
వద్దనుకున్న కార్డులన్నీ నాకిచ్చేయండి.

ప్రొద్దుటూరు_పెద్దోడు:
తిరుగు టికెట్ పాత మెయిల్లో దొరికింది! పడిన నాటికి ఇంకా 20 రోజులుంది ప్రయాణం. డిశ్చార్జి కాగితంలో ఇంటిపేరు తప్పు పడింది, రేపు పోయి దిద్దించుకొస్తా. ముందు ఎస్‌బీ-1 వేస్తాం, కుదరకపోతే ఐ-130. అమ్మనూ అడిగినా. "పోతాలే రా, ఏమంత తొందర, చెనక్కాయ పీకి అమ్మినాక పోతా" అనింది.

కొండారెడ్డి_బురుజు:
ఆ మాట ముంబయిలో అనొద్దని చెప్పు.